గంటలో ఓవెన్ సిద్ధం: క్రిస్మస్ కేకుల నెలలో ఒక శుభ్రత డైరీ, నల్లగొండ

శుక్రవారం, రాత్రి

డిసెంబరు వచ్చిందంటే మా నల్లగొండలో కేకుల ఆర్డర్లు మొదలైనట్టే. చర్చికి వెళ్లే కుటుంబాలు ప్లమ్ కేకులు ముందే చెప్పిపెట్టుకుంటాయి, నకిరేకల్ నుంచీ మిర్యాలగూడ నుంచీ కూడా అడుగుతారు. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంట్లో కేకులు చేసి ఇస్తాను కాబట్టి, వంటింట్లో నాకు దొరికే సమయం ఐదు గంటల నుంచి తొమ్మిది గంటల వరకే. అందులో రెండు గంటలు ఓవెన్ తోమడానికి పోతే ఆ రోజు కేకు లేనట్టే. అందుకని ఈ నెలకు ఒక పని పెట్టుకున్నాను. నా దగ్గరున్న ఓటీజీని, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌ను, ఎంత జిడ్డు పట్టి ఉన్నా గంటలోపల కేకుకు సిద్ధం చేసే పద్ధతి ఏదో తేల్చుకోవాలి, తేలినదాన్ని తేలినట్టు ఇక్కడ రాసిపెట్టుకోవాలి.

ఈ వారం ఓవెన్ ఉన్న స్థితి ఈ పనికి సరిగ్గా సరిపోయేలా ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు చికెన్ ముక్కలను 230 డిగ్రీల దగ్గర గ్రిల్ చేశాము. కొవ్వు చిట్లి గోడలకు అంటింది, మసాలా పెరుగు కింది ట్రేలోకి కారి మాడింది. అంతకు ముందు చేసిన కేకు పొంగి ఒలికిన చక్కెర పాకం తలుపు గాజు అడుగున నల్లగా గడ్డకట్టి ఉంది. ఖాళీగా వేడి చేసి చూస్తే పొగ వస్తున్నది. ఆ పొగలో కాల్చిన కేకుకు చికెన్ వాసన పట్టక మానదు. వెన్న, వెనిల్లా వాసనను ఎంతో సున్నితంగా పట్టుకునే కేకు ఈ పరాయి వాసనను కూడా అంతే సులభంగా పట్టుకుంటుంది. అందువల్ల నాకు ఓవెన్ శుభ్రత అందానికి సంబంధించినది కాదు, నా కేకు కొనుక్కునేవారికి నేను ఇచ్చే మాటకు సంబంధించినది.

శనివారం, మధ్యాహ్నం

పనికి దిగే ముందు లోపల దీపం పట్టుకుని మరకలను ఒక్కొక్కటిగా చూశాను. ఈ చూడడానికి పెట్టిన సమయం తర్వాత బాగా కలిసివచ్చింది, ఎందుకంటే ఓవెన్‌లో ఉన్నదంతా ఒకటే జిడ్డు కాదు. కంటికి అంతా నల్లగానే కనిపించినా, లోపల ఉన్నవి మూడు వేర్వేరు పదార్థాలు, మూడింటికీ మందు వేరు.

మొదటిది చక్కెర. పాకం మాడి గట్టిపడినా, పూర్తిగా బొగ్గు కానంతవరకు అది నీటిలో కరిగే వస్తువే. వేడినీళ్లలో ముంచిన బట్టను దాని మీద పది నిమిషాలు పరిచి ఉంచితే మెత్తబడి వస్తుంది. దానికి సోడా అక్కరలేదు, తోమడం అంతకన్నా అక్కరలేదు.

రెండవది కొవ్వు, అసలైన చిక్కు దీనితోనే ఉంది. నూనె గానీ కొవ్వు గానీ పలుచగా పరుచుకుని, మళ్లీ మళ్లీ వేడెక్కితే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా అల్లుకుపోతాయి. అప్పుడది జిడ్డుగా ఉండక, వార్నిష్ పూసినట్టు గోధుమరంగులో గట్టి పొరగా మారుతుంది. ఇనుప దోసె పెనం పదునెక్కేది సరిగ్గా ఈ మార్పు వల్లనే. పెనానికి మేలు చేసే ఆ పొరే ఓవెన్ గోడకు మరకగా నిలుస్తుంది. మామూలు నీళ్లు దాన్ని ఏమీ చేయలేవు, గిన్నెల సబ్బు పైపైన ఉన్న తాజా జిడ్డును మాత్రమే తీస్తుంది. ఆ గట్టి పొరను విడగొట్టేది క్షారం, అంటే సోడా లాంటి పదార్థం. క్షారం కొవ్వును కొద్దికొద్దిగా సబ్బుగా మార్చి నీటిలో కలిసేలా చేస్తుంది. వేడి పెరిగినకొద్దీ ఈ పని త్వరగా జరుగుతుంది, పైగా తడి ఉన్నంతసేపే జరుగుతుంది. ఈ రెండు సంగతులను గుర్తుపెట్టుకుంటే తొందరలో ఉన్నవారికి సగం పని తీరినట్టే.

మూడవది బొగ్గు. పూర్తిగా మాడి నల్లబడిన పెచ్చు ఏ క్షారానికీ కరగదు. దాని కింద ఉన్న కొవ్వు పొర వదులైతే అది పెచ్చుగా లేచి వస్తుంది, లేకపోతే గీరి తీయాల్సిందే.

పెద్ద కంపెనీల ఖరీదైన గోడ ఓవెన్లలో తమను తామే శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంటుంది. అవి 480 డిగ్రీలకు అటూ ఇటుగా వేడెక్కి లోపలి జిడ్డును బూడిద చేస్తాయి. మన ఓటీజీలు 250 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, కాబట్టి ఆ వేడికి కొవ్వు కాలిపోదు సరికదా ఇంకా గట్టిపడుతుంది. మురికి ఓవెన్‌ను బాగా వేడి చేస్తే అదే కాలిపోతుందిలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

శనివారం, సాయంత్రం

సరుకులు తెచ్చుకున్నాను. వంట సోడా ఇంట్లోనే ఉంది. ప్రకాశం బజారులోని కిరాణా దుకాణంలో బట్టల సోడా దొరికింది. రెండూ తెల్లటి పొడులే అయినా వాటి బలం ఒకటి కాదు. వంట సోడా నీటిలో కలిస్తే పీహెచ్, అంటే ఆమ్లం, క్షారం బలాన్ని చూపే అంకె, 8 దాటి కొద్దిగా మాత్రమే ఉంటుంది, బట్టల సోడాది 11 దాకా వెళుతుంది. పీహెచ్ లెక్కలో ఒక్కొక్క అంకె పది రెట్లు కాబట్టి ఆ తేడా చాలా పెద్దది.

అయితే బలమైనదాన్నే అంతటా వాడితే సరిపోతుంది కదా అంటే, సరిపోదు. చాలా ఓటీజీల లోపలి గోడలు అల్యూమినియం పూతో జింకు పూతో ఉన్న ఉక్కు రేకుతో చేసినవి. బలమైన క్షారం అల్యూమినియాన్ని తింటుంది, నల్లబరుస్తుంది. బజారులో దొరికే ఓవెన్ క్లీనర్లు కొన్నింటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది ఇంకా తీవ్రమైనది. అందుకని ఇలా విభజించుకున్నాను. క్రోమియం పూత ఉన్న ఇనుప జాలీలకు, ఎనామిల్ ట్రేకు బట్టల సోడా. గోడలకు, తలుపు గాజుకు వంట సోడా, గిన్నెల సబ్బు. వేడి కడ్డీలకు ఏదీ లేదు, తడి బట్ట కూడా వద్దు. కేకులు కాల్చే అల్యూమినియం గిన్నెలు బట్టల సోడా నీళ్ల దరిదాపులకు కూడా రాకూడదు.

వంట సోడా మీద వెనిగర్ పోసి నురగ తెప్పించే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు. చూడడానికి ఆ నురగ ఎంతో పని చేస్తున్నట్టు ఉంటుంది. నిజానికి క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకుని, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోయి, కింద మిగిలేది సోడియం అసిటేట్ అనే ఒక ఉప్పు కలిసిన నీళ్లు. కొవ్వును విడగొట్టగల క్షారం ఆ నురగతోపాటే ఖర్చయిపోతుంది. వెనిగర్‌కు ఓవెన్ శుభ్రతలో మంచి స్థానమే ఉంది కానీ అది చివర, సోడా పని ముగిసి తుడిచేసిన తర్వాత.

ఆదివారం

ఈ రోజు తీరిక ఉంది కాబట్టి జాలీల మీద ప్రయోగం పెట్టుకున్నాను. టబ్బులో వేడినీళ్లు పోసి బట్టల సోడా కలుపుతుంటే, దేవరకొండ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మా అత్తమ్మ వచ్చి చూసి, "గా సోడాలెందుకు బిడ్డా, కట్టెల బూడిద నానేస్తె పైన తేటొస్తది గద, దాంట్ల ఏస్తె ఎంత జిడ్డున్నా ఊడొస్తది" అన్నారు.

ఆమె మాటలో గట్టి నిజం ఉంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్. రెండూ ఒకే కుటుంబానికి చెందిన క్షారాలు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చాకలివారు చవుడు మట్టితో బట్టలు ఉతికినా, మన అమ్మమ్మలు బూడిదతో అంట్లు తోమినా, జిడ్డు మీద పనిచేసింది ఈ క్షారగుణమే. అంట్లకు బూడిదలోని గరుకుదనం కూడా తోడయ్యేది. గాజు మీదా పూత మీదా ఆ గరుకు గీతలు పెడుతుంది కాబట్టి, అత్తమ్మ చెప్పినట్టు తేట నీళ్లు మాత్రమే తీసుకోవడం ఓవెన్‌కు సరైన దారి.

మా పెరట్లో స్నానానికి నీళ్లు కాచే పొయ్యి ఇంకా ఉంది. అందులోని తుమ్మకట్టెల బూడిదను నీళ్లలో కలిపి, తేరిన తర్వాత పాత నూలు బట్టలో వడకట్టాము. ఒక జాలీని సోడా నీళ్లలో, ఇంకొకదాన్ని బూడిద తేటలో వేశాము. రెండు టబ్బుల నీళ్లూ వేళ్లకు జారుడుగా తగిలాయి, అది క్షారం ఉందనడానికి గుర్తు. సోడాలో వేసిన జాలీ అరగంటకు పీచుతో రుద్దితే తెల్లబడింది. బూడిద తేటలో వేసినది మరికొంత సేపు నాని, మరికొంత రుద్దుడు పెట్టించుకుని, చివరికి అదీ శుభ్రపడింది. అత్తమ్మ ముఖంలో కనిపించిన తృప్తి నాకూ తృప్తినిచ్చింది. అయితే బూడిద తేరడానికే చాలాసేపు పడుతుంది, ఒక్కొక్క కట్టెకు బలం ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కాబట్టి తొందర ఉన్న సాయంత్రాలకు నా ఎంపిక బట్టల సోడాయే: బాగా వేడిగా ఉన్న నీళ్లు, లీటరుకు రెండు పెద్ద చెంచాల సోడా, చేతులకు రబ్బరు తొడుగులు.

మంగళవారం, రాత్రి

నీళ్ల సంగతి విడిగా రాయాలి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. స్టీలు గిన్నె కడిగి ఆరబెడితే తెల్లటి చుక్కలు పడతాయి, సబ్బు త్వరగా నురగ రాదు. అలాంటి నీళ్లలో బట్టల సోడా వేస్తే అందులో కొంత భాగం నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి పొడిగా కిందికి దిగిపోతుంది. అంటే జిడ్డు మీద పనిచేయాల్సిన సోడా కొంత నీళ్ల మీదే ఖర్చవుతుంది, పైగా ఆ తెల్లపొడి గాజుకు అంటుకుని ఎంత తుడిచినా మసకగా కనిపిస్తుంది. శుభ్రం చేసిన ఓవెన్ తలుపు ఆరిన తర్వాత మళ్లీ మురికిగా కనిపించడానికి మన వైపు చాలా ఇళ్లలో కారణం ఇదే.

దీనికి తీరు రెండు విధాలు. నానబెట్టడానికి బోరు నీళ్లే వాడినా సోడా కొంచెం ఎక్కువ వేసుకోవాలి. చివరి తుడుపుకు మాత్రం తాగడానికి తెప్పించుకునే ప్లాంటు నీళ్లు ఒక గిన్నెడు తీసుకుని, అందులో రెండు చెంచాల వెనిగర్ గానీ సగం నిమ్మకాయ రసం గానీ కలపాలి. ఆ ఆమ్లం తెల్లటి సున్నపు పొరను కరిగిస్తుంది, మిగిలిన సోడాను కూడా అణచివేస్తుంది. వెనిగర్‌కు చోటు ఇక్కడే అని నేను శనివారం రాసినది ఇందుకే. ఈ రోజు తలుపు గాజును ఒక సగం బోరు నీళ్లతో, ఒక సగం ఇలా తుడిచి ఆరబెట్టాను. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా తెలిసింది.

బాత్రూముకు వాడే యాసిడ్ తెల్ల మరకలను ఇంకా త్వరగా తీస్తుంది కదా అని ఒక వదిన అడిగారు. దాన్ని ఓవెన్‌లోకి రానివ్వకూడదు. అది లోహపు పూతను తినేస్తుంది, ఇంట్లో ఎక్కడైనా బ్లీచింగ్ పౌడరు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తిండి వండే పెట్టెలో అలాంటి పదార్థానికి చోటు లేదు.

గురువారం, సాయంత్రం

ఈ రోజు గడియారం ముందు పెట్టుకుని పూర్తి పద్ధతిని నడిపాను. మరుసటి రోజు ఉదయానికి ప్లమ్ కేకులు ఇవ్వాలి కాబట్టి ఇది పరీక్ష కోసం పెట్టుకున్న పని కాదు, నిజంగా అవసరమైన పనే.

మొదట, ఓవెన్ చల్లగా పొడిగా ఉన్నప్పుడే, కింద రవ్వలు రాలే ట్రేను లాగి దులిపి, లోపలి రవ్వలను పొడి బ్రష్షుతో ఊడ్చేశాను. తడి తగిలిన తర్వాత ఊడిస్తే ఆ రవ్వలే బురదై మూలల్లో ఇరుక్కుంటాయి. జాలీలు, ట్రే తీసి వేడి సోడా నీళ్ల టబ్బులో వేశాను. ఓవెన్ లోపల వేడికి తట్టుకునే గిన్నెలో మరిగే నీళ్లు పెట్టి, తలుపు మూసి, 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నడిపాను. ఆవిరి గోడలన్నిటినీ తడిపి, పాకపు మరకలను మెత్తబరిచి, గోడలకు వేడినిచ్చింది. ఆ పది నిమిషాలలో నాలుగు చెంచాల వంట సోడాకు ఒక చెంచా గిన్నెల సబ్బు, తడవడానికి సరిపోయేన్ని నీళ్లు చేర్చి, గోడకు పూస్తే జారనంత చిక్కగా ముద్ద కలుపుకున్నాను.

తర్వాత స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తలుపు తెరిచి, చేయి పెట్టగలిగేంత వేడికి దిగేదాకా ఆగాను. ఈ ఆగడాన్ని తగ్గించుకోకూడదు. మండే గాజు మీద చల్లటి తడిబట్ట పడితే గాజు పగలవచ్చు, చేయి కాలవచ్చు. గోరువెచ్చగా అయిన తర్వాత గోడలకు, అడుగుకు, తలుపుకు ముద్దను పలుచగా పూసి, పైనా కిందా ఉన్న కడ్డీలకు తగలకుండా చూసుకున్నాను. పూసిన వెంటనే వేడినీళ్లలో పిండిన పాత లుంగీ ముక్కలను అడుగు మీదా, తెరిచి ఉంచిన తలుపు గాజు మీదా పరిచాను. ముద్ద ఆరిపోతే దాని పని అక్కడితో ఆగిపోతుంది. తడిబట్ట కప్పితే పని సాగుతూనే ఉంటుంది. రాత్రంతా ఉంచండి అని చెప్పే సలహాలలో ముద్ద తొలి గంటలోనే ఎండిపోతుందన్న సంగతి ఎవరూ చెప్పరు. వేడి, తడి రెండూ ఉన్న ఇరవై ఐదు నిమిషాలు, ఆరిపోయిన రాత్రంతటి కన్నా నాకు ఎక్కువ పని చేసిపెట్టాయి.

ఆ ఇరవై ఐదు నిమిషాలు ఓవెన్ దగ్గర నిలబడలేదు. మైదా జల్లించాను, నానిన ఎండుద్రాక్షలు వడకట్టాను, కేకు గిన్నెలకు కాగితం పరిచాను. తొందరలో ఉన్నప్పుడు చేతులు ఎంతసేపు తోమాయన్నది ముఖ్యం కాదు, సోడా ఎంతసేపు పనిచేస్తుండగా చేతులు వేరే పనికి వెళ్లగలిగాయన్నది ముఖ్యం.

తిరిగి వచ్చి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీరితే కొవ్వు పొర గోధుమరంగు ముద్దగా లేచింది. మూలలకు, తలుపు కీళ్లకు పాత టూత్‌బ్రష్ వాడాను. స్టీలు పీచును ముట్టుకోలేదు. అది పూతను గీస్తుంది, దాని సన్నటి తీగలు రాలి కడ్డీల దగ్గర కరెంటు తగిలే చోట పడితే ప్రమాదం. తడిబట్టతో రెండుసార్లు, వెనిగర్ కలిపిన ప్లాంటు నీళ్లతో ఒకసారి తుడిచాను. ఈలోగా టబ్బులో నానిన జాలీలు పీచు తగిలించగానే తేటపడ్డాయి.

కడ్డీల మీద చిట్లిన కొవ్వు సంగతి చివరికి వదిలాను. అంతా తుడిచి, పొడిబట్టతో ఒత్తి, తడి ఆరిందని చూసుకున్న తర్వాతే ప్లగ్గు పెట్టి, కిటికీ తెరిచి, ఖాళీ ఓవెన్‌ను 230 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నడిపాను. మొదట్లో కొద్దిగా పొగ వచ్చి ఆగిపోయింది. కడ్డీ ఎర్రబడినప్పుడు దాని మీది కొవ్వు కాలిపోతుంది, గోడలకు మాత్రం అంత వేడి ఉండదు. గోడలు ముందే శుభ్రంగా ఉంటేనే ఈ మెట్టుకు అర్థం ఉంటుంది. ఈ పది నిమిషాలు వృథా కూడా కాదు, కేకుకు ఎలాగూ ఓవెన్‌ను ముందుగా వేడి చేసుకోవాలి. తలుపు కాసేపు తెరిచి 160కి దించి, కేకు లోపల పెట్టేసరికి, మొదలుపెట్టినప్పటి నుంచి గంట నిండడానికి ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయి. కేకును కోసి రుచి చూస్తే జాజికాయ, నారింజ తొక్కు తప్ప ఇంకొక వాసన లేదు.

శుక్రవారం

వెనుక గోడ మీద, గాలి తిప్పే ఫ్యాను చుట్టూ, పాత గోధుమరంగు మరక అలాగే ఉంది. దాన్ని కావాలనే వదిలాను. అది గట్టిపడి ఎంతో కాలమైంది. వేడి చేసినా పొగ రాదు, వాసన రాదు, తిండికి తగలదు. ఫ్యాను రంధ్రాలలోకి తడి పోకుండా దాన్ని తీయాలంటే తీరిక కావాలి. తొందర ఉన్న రోజు ముందు చూడాల్సినవి మూడే: పొగ వచ్చేది, తిండికి తగిలేది, గాజులోంచి కేకు రంగు కనిపించకుండా అడ్డుపడేది. మిగిలినది సంక్రాంతి సెలవులకు.

మైక్రోవేవ్ ఉన్న పొరుగింటి వదినకు ఈ పద్ధతిలో సగమే చెప్పాను. మైక్రోవేవ్ గోడలు అంతగా వేడెక్కవు కాబట్టి అక్కడ కొవ్వు గట్టి పొరగా మారడం అరుదు. గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్కలు వేసి, నీళ్లు ఒక్కసారిగా ఎగసి పొంగకుండా చెక్క గరిటె ఒకటి అందులో ఉంచి, నాలుగైదు నిమిషాలు మరిగించి, తలుపు తీయకుండా మరో ఐదు నిమిషాలు ఆవిరిలో ఉంచితే, తుడుపుగుడ్డకే అంతా వచ్చేస్తుంది. సోడా అవసరం వారికి పడలేదు.

ఆదివారం, రాత్రి

మళ్లీ చికెన్ గ్రిల్ చేశాము. ఈసారి జాలీ కింద ఎనామిల్ ట్రేలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి పెట్టాను. కారిన కొవ్వు నీళ్లలో పడి మాడలేదు, పొగ రాలేదు. ట్రేలో నీళ్లు ఇగిరిపోకుండా మధ్యలో ఒకసారి వేడినీళ్లు చేర్చాను. కడ్డీల పక్కన అల్యూమినియం ఫాయిల్ పరిచే అలవాటు కొందరికి ఉంది, కానీ అది కడ్డీకి తగిలితే వేడి చిక్కుకుపోయి ఓవెన్‌కే చేటు, అందుకని దాన్ని వాడలేదు. భోజనాలయ్యేసరికి ఓవెన్ గోరువెచ్చగా ఉంది, కొవ్వు ఇంకా మెత్తగానే ఉంది. సబ్బు నీళ్లలో పిండిన బట్టతో గోడలు, గాజు తుడిచి, పొడిబట్టతో ఒత్తాను. సోడా డబ్బా తీయాల్సిన పని పడలేదు. రేపు సాయంత్రం కేకుకు నేరుగా వేడి చేసుకోవచ్చు.